ఇంటిల్లిపాదీ చేసిన కొలువు, రిజిస్టరులో ఒక్క పేరు



మన బళ్ళారి పాత బడుల గురించి నేను రాసినప్పుడు కొందరు సభ్యులు ఒక ప్రశ్న వేశారు. వార్డ్‌లా స్కూలు పెట్టిన దొరల సంగతి చెప్పారు, బాగుంది. మరి వాళ్ళ ఇంట్లోవాళ్ళ సంగతేమిటి? భార్యాబిడ్డలను వెంట తెచ్చుకున్నారా, విడిచి వచ్చారా? పిల్లలు ఎక్కడ చదివారు?

మంచి ప్రశ్న. చరిత్ర పుస్తకాలు ఈ సంగతి దగ్గరికి వచ్చేసరికి ఒక వాక్యంతో దాటేస్తాయి. జవాబు రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఈసారి రాత కొంచెం పొడుగైంది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇది మతం గురించి వాదన కాదు. మన సంఘంలో గుడికి పోయేవాళ్ళున్నారు, చర్చికి పోయేవాళ్ళున్నారు, దర్గాకు పోయేవాళ్ళూ ఉన్నారు. ఎవరి నమ్మకం వాళ్ళది. నేను చూస్తున్నది ఇంటి సంగతి. ఒక మనిషి ఏదో పని మీద దూరదేశం పోతే, అతని వెనకాల ఇంట్లోవాళ్ళు ఏమి పని చేశారు, ఏమి పోగొట్టుకున్నారు, ఎవరి లెక్కలో అది చేరింది? రైల్వేలో ముప్పై ఏళ్ళకు పైగా రిజిస్టర్లు రాసినవాణ్ణి కదా, నా కళ్ళు ముందు లెక్కల కాలమ్స్ మీదికే పోతాయి.

మొదట మన ఊరు.

నిజాం 1800లో ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి. దత్త మండలం అన్నది దాన్నే. పదేళ్ళు తిరిగేసరికి, 1810లో, లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ అనే పాదిరి ఇక్కడికి వచ్చాడు. అప్పటికి కంపెనీకి పాదిరీలంటే ఇష్టం లేదు. మతం జోలికి పోతే జనం తిరగబడతారని భయం. 1813లో పార్లమెంటు చట్టం మార్చేదాకా వాళ్ళు ఒక విధంగా దయ మీద బతికినవాళ్ళే. హ్యాండ్స్ ఇక్కడే కన్నడం నేర్చుకుని బైబిలును ఆ భాషలోకి తెచ్చాడు. కొత్త నిబంధన 1821లో, మొత్తం బైబిలు 1831లో వెలువడ్డాయి. ఆ పనిలో అతనికి తోడైన విలియం రీవ్ కన్నడ నిఘంటువులు చేశాడు. 1846లో వచ్చిన వార్డ్‌లా బడి పేరు మనకందరికీ తెలుసు. ఇక్కడ పనిచేసిన జాన్ స్మిత్ వార్డ్‌లా తరువాత విశాఖపట్నం పోయి, జాన్ హేతో కలిసి తెలుగు బైబిలు సవరణ పనిలో కూర్చున్నాడు. అంటే కన్నడ, తెలుగు రెండు భాషలకూ మన బళ్ళారి బాకీ పెట్టింది.

ఇక్కడిదాకా అందరూ రాస్తారు. ఇప్పుడు కాలమ్ మారుద్దాం.

ఆ రోజుల్లో లండన్ నుంచి మద్రాసుకు ఓడ ఆఫ్రికా కొనను చుట్టుకుని రావాలి. నాలుగైదు నెలలు. సూయజ్ కాలువ తెరిచింది 1869లో. మద్రాసులో దిగాక బళ్ళారికి రైలు లేదు. పల్లకీలు, ఎద్దులబండ్లు. కడుపుతో ఉన్న ఆడమనిషి, చంకలో బిడ్డ, ఏప్రిల్ ఎండ. మన బళ్ళారి ఎండ గురించి మీకు నేను చెప్పాలా? కలరా వస్తే పొద్దున ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు సాయంత్రానికి లేరు. తెలుగుదేశానికి 1805లో విశాఖపట్నం వచ్చిన ఇదే సొసైటీ పాదిరీలు ఇద్దరు, జార్జ్ క్రాన్ 1809లో, అగస్టస్ డి గ్రాంజెస్ 1810లో పోయారు. వచ్చి ఐదేళ్ళు. రోగం ఇంట్లో ఎవరినీ వేరుగా చూడదు, భర్తను పట్టుకున్నదే భార్యనూ బిడ్డలనూ పట్టుకుంటుంది. మన దేశంలో కంపెనీ కాలపు ఏ సమాధుల తోటకు పోయినా చూడండి, చిన్న రాళ్ళు ఎన్ని ఉంటాయో. ఆ చిన్న రాళ్ళ కింద ఉన్నవి నెలల పిల్లలు, రెండేళ్ళ పిల్లలు.

బతికిన పిల్లలకు మరో కష్టం. ఐదారేళ్ళు వచ్చేదాకా ఆయా చేతుల్లో పెరుగుతారు. ఇంగ్లీషు కంటే ముందు ఆయా భాష వస్తుంది. తరువాత వాళ్ళను "ఇంటికి" పంపుతారు. ఆ ఇల్లు పిల్లలు ఎప్పుడూ చూడనిది. ఎండకు, రోగాలకు భయం ఒక కారణం. చదువు ఒక కారణం. నల్లవాళ్ళ మధ్య పెరిగితే దొరతనం పోతుందనే గీర కూడా ఒక కారణం, అది దాచిపెట్టాల్సిన పని లేదు. తల్లిదండ్రులు ఇక్కడ, పిల్లలు అక్కడ. ఒక ఉత్తరం పోయి జవాబు రావడానికి ఏడాది దగ్గర పట్టే కాలం.

ఇలాంటి పిల్లలు ఎంతమంది అయ్యారంటే వాళ్ళ కోసమే బడులు పెట్టవలసి వచ్చింది. లండన్ పక్కన వాల్తంస్టోలో 1838లో మిషనరీల ఆడపిల్లలకు ఒక బడి, 1842లో మగపిల్లలకు మరొకటి. మగపిల్లల బడి తరువాత బ్లాక్‌హీత్‌కు, 1912లో మాటింగమ్‌కు మారి ఎల్తమ్ కాలేజీ అయింది. మన దగ్గర అమెరికా పాదిరీలు 1901లో కొడైకెనాల్‌లో తమ పిల్లలకు బడి పెట్టుకున్నారు. సముద్రం దాటించకుండా కొండమీద ఉంచుకోవడం అన్నమాట. తెలుగు జిల్లాల్లో ఉన్న పాదిరీల పిల్లలూ అక్కడికి పోయారు. కొడైకెనాల్ రోడ్ స్టేషను మీలో కొందరు చూసే ఉంటారు. అక్కడ దిగి పైకి పోయిన పిల్లలు నెలల తరబడి తల్లి ముఖం చూడరు.

ఎల్తమ్ బడిలో చదివిన ఒక పిల్లవాడి పేరు లోకమంతా తెలుసు. ఎరిక్ లిడెల్. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో బంగారు పతకం తెచ్చినవాడు. అతని తల్లిదండ్రులు చైనాలో పనిచేసిన లండన్ మిషనరీలు. మన బళ్ళారికి హ్యాండ్స్‌ను పంపిన సొసైటీయే వాళ్ళనూ పంపింది. ఎరిక్ 1902లో చైనాలోని తియంజిన్‌లో పుట్టాడు. ఆరేళ్ళ వయసులో, 1908లో, అతన్నీ అన్న రాబ్‌నూ బోర్డింగులో చేర్చారు. తండ్రి చైనాకు తిరిగిపోయాడు. తల్లి కొంతకాలం దగ్గరుండి, ఆ తరువాత చెల్లెల్ని తీసుకుని ఆమె కూడా పోయింది. ఆరేళ్ళ పిల్లవాడు.

పతకం గెలిచిన మరుసటి ఏడాది, 1925లో, ఎరిక్ తానే చైనాకు మిషనరీగా పోయాడు. 1934లో పెళ్ళి. 1941లో యుద్ధం ముదిరితే కడుపుతో ఉన్న భార్య ఫ్లోరెన్స్‌ను, ఇద్దరు కూతుళ్ళను కెనడాకు ఓడ ఎక్కించి తాను ఆగిపోయాడు. మూడో కూతుర్ని ఎప్పుడూ చూడలేదు. 1945 ఫిబ్రవరిలో జపానువాళ్ళ నిర్బంధ శిబిరంలో మెదడులో గడ్డతో చనిపోయాడు. తనకు జరిగిందే తన పిల్లలకూ జరిగింది. పరుగుపందెం సినిమాలో చూస్తాం, ఈ సగం చూపించరు.

ఇంకొక పిల్ల కథ మనకు మరీ దగ్గరిది. బళ్ళారిలో పెద్ద జబ్బు వస్తే మనవాళ్ళు "రాయవెల్లూరు పోదాం" అంటారు కదా. ఆ ఆసుపత్రి మొదలుపెట్టిన ఐడా స్కడర్ పుట్టింది 1870లో రాణిపేటలో. తాత జాన్ స్కడర్ 1819లో సింహళానికి వచ్చిన వైద్యుడు, పాదిరి. కొడుకుల్లో చాలామంది ఈ దేశంలోనే పాదిరీలయ్యారు. ఐడా ఆఖరి పిల్ల. చిన్నతనంలో ధాత కరువు చూసింది, 1876 నుంచి 78 దాకా మన బళ్ళారినీ రాయలసీమనూ ఊడ్చేసిన కరువు. తరువాత కుటుంబం అమెరికా పోయింది. కొన్నాళ్ళకు తండ్రి తిరిగి వచ్చేశాడు, ఆ వెనక తల్లీ వచ్చేసింది. పదమూడు పద్నాలుగేళ్ళ ఐడాను షికాగోలో చుట్టాల ఇంట్లో ఉంచారు.

ఆ పిల్ల ఏమి నిర్ణయించుకుందో తెలుసా? ప్రాణం పోయినా మిషనరీ కానని. మన ఇళ్ళలో స్టేషన్ మాస్టర్ కొడుకు రైల్వేలో చేరను అంటాడే, అలాగ. 1890లో తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి మాత్రమే తిండివనం వచ్చింది. అక్కడ ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు, వేరు వేరు ఇళ్ళవాళ్ళు, తమ భార్యలకు కాన్పు కష్టమైందని వచ్చారు. మగ డాక్టరు పనికిరాడు, ఆడమనిషి కావాలి. ఐడా అప్పటికి డాక్టరు కాదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. ఆమె తిరిగి పోయి డాక్టరు చదివి 1900లో వేలూరు వచ్చింది. 1918లో ఆడవాళ్ళకు వైద్య పాఠశాల పెట్టింది. ఈ కథ చెప్పేవాళ్ళందరూ ఆ మూడు చావుల దగ్గర మొదలుపెడతారు. నాకేమో షికాగోలో విడిచిన పిల్ల దగ్గర మొదలవుతుందనిపిస్తుంది. తల్లి అవసరమైన వయసులో తల్లి లేకపోవడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి, ఆ రాత్రి పోయిన ముగ్గురు తల్లుల సంగతిని ఎలా తీసుకుని ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న రిజిస్టరు సంగతి.

లండన్ సొసైటీవాళ్ళ మిషనరీల రిజిస్టరు ఒకటి ఉంది. అందులో ప్రతి మిషనరీకి ఒక వరస నంబరు. పుట్టిన ఊరు, చదువు, ఓడ ఎక్కిన తేదీ, పనిచేసిన స్టేషను, చనిపోయిన తేదీ. అచ్చం మన సర్వీస్ రిజిస్టరు లాగే. భార్యకు నంబరు లేదు. భర్త ఎంట్రీలో "ఫలానా ఆమెను పెళ్ళి చేసుకున్నాడు" అని ఒక ముక్క. అంతే. మరి ఆ దొరసానులు ఇంట్లో ఊరికే కూర్చున్నారా? ఆడపిల్లల బడి నడిపింది వాళ్ళు. కుట్టుపని నేర్పింది వాళ్ళు. మగవాళ్ళు అడుగుపెట్టలేని లోపలి ఇళ్ళకు పోయి మాట్లాడింది వాళ్ళు. మందు ఇచ్చింది, వచ్చినవాళ్ళకు వండిపెట్టింది వాళ్ళు. సొసైటీ ఒక జీతం ఇచ్చి రెండు ఉద్యోగాలు చేయించుకుంది. పెళ్ళికాని ఆడవాళ్ళను తమ పేరుతో పంపడం 1875లో మొదలుపెట్టాక గానీ లండన్ సొసైటీలో ఆడవాళ్ళ పని లెక్కకు రాలేదు. అంటే అదే పని పెళ్ళికాని మనిషి చేస్తే ఉద్యోగం, భార్య చేస్తే ఇంటిపని.

ఆ ఇళ్ళలో పిల్లలను ఎత్తుకుని పెంచిన మన ఊరి ఆయాలకు ఆ ముక్క కూడా లేదు.

దొరల సంగతి అయింది. మనవాళ్ళు? మనవాళ్ళు కూడా ఇలా పోయారా అని మీరు అడగవచ్చు. పోయారు. ఇద్దరి ఇళ్ళ గురించి చెబుతాను. ఇద్దరూ ఒకే ఏడాదికి ముడిపడి ఉన్నారు, 1903.

మొదటిది తమిళ ఇల్లు. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి గనుక ఈ కథ నాకు రెండు వైపులా తగులుతుంది. తిరునెల్వేలి వైపు వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో 1874లో పుట్టిన వి.ఎస్. అజరయ్య, 1902లో యాళ్ప్పాణం, అదే జాఫ్నా, పోయినప్పుడు అక్కడి తమిళులు తమ డబ్బుతో తమ మనుషులను వేరే చోటికి పంపుతున్నారని చూశాడు. మనమెందుకు చేయకూడదు అనుకుని, 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టించాడు. డబ్బు మనది, మనుషులు మనవాళ్ళు, పెత్తనం మనది. వాళ్ళు ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్.

డోర్నకల్ అంటే రైల్వేవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఇల్లెందు సింగరేణి బొగ్గు లైను వచ్చి కలిసే జంక్షను. నిజాంకు తన నాణెం, తన తపాలా బిళ్ళ, తన రైలు. తిరునెల్వేలి మనిషికి అది పరదేశమే. భాష రాదు, ఎవరూ తెలియదు. అజరయ్య 1909లో మంచి ఉద్యోగం వదిలి భార్య అన్బు మరియమ్మాళ్‌తో, పిల్లలతో అక్కడికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దాడు. ఆమె కూడా దిద్దింది. చదువుకున్న మనిషి, ఆ కాలంలో దక్షిణాదిలో కాలేజీ మెట్లెక్కిన అతి కొద్దిమంది ఆడవాళ్ళలో ఒకతె. తమిళ మీడియం నుంచి వచ్చి తెలుగు ఒత్తులు నేర్చుకోవడం ఏమిటో నాకు తెలుసు. తమిళంలో ఒక్క 'క' ఉంటే మనకు నాలుగు. ఆ వయసులో, పిల్లలను పెట్టుకుని అంటే మాటలు కాదు.

ఇక్కడ ఒక తేడా చూడండి. డోర్నకల్‌లో పల్లె ఉపాధ్యాయులకు, బోధకులకు శిక్షణ ఇచ్చినప్పుడు మగవాణ్ణి ఒక్కణ్ణే తీసుకోలేదు. భార్యను, పిల్లలను కూడా రమ్మన్నారు. భర్త ఒక చోట పాఠం నేర్చుకుంటుంటే భార్యలకు అన్బు అమ్మగారి దగ్గర చదువు, శుభ్రత, పిల్లల పెంపకం. పల్లెకు పోయేది ఒక మనిషి కాదు, ఒక ఇల్లు అని వాళ్ళకు తెలుసు. భర్త ఎంత బాగా మాట్లాడినా జనం చూసేది ఆ ఇంట్లో కులం పాటిస్తారా, భార్యను కొడతాడా, ఆడపిల్లను బడికి పంపుతారా అని.

అజరయ్య 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల పాదిరీల ముందు నిలబడి, మీరు త్యాగాలు చేశారు గానీ మాతో స్నేహం చేయలేదు అనే అర్థం వచ్చేలా మాట్లాడి గగ్గోలు పుట్టించాడు. ఆయన బాధలో సగం ఇంటి గురించే. దొర బంగళాలోకి మనవాడు పనిమీద పోగలడు గానీ భోజనానికి పోలేడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. డోర్నకల్‌లో గుడి, మసీదు, చర్చి పోకడలు మూడూ కలిసిన కతీడ్రల్ కట్టించి, 1945 జనవరి 1న అక్కడే కన్నుమూశాడు. ముప్పై ఆరేళ్ళు. తిరునెల్వేలికి తిరిగిపోలేదు.

రెండవ ఇల్లు తెలుగుది, నెల్లూరుది.

నెల్లూరులో అమెరికా బాప్టిస్టు మిషను 1840లో మొదలైంది. ఎన్నేళ్ళకూ ఫలితం కనబడలేదు. మూసేద్దామని అమెరికాలో ఒకసారి కాదు, పలుమార్లు చర్చ జరిగింది. మ్యాపులో ఒంటరి చుక్కలా ఉందని దానికి ఒంటరి నక్షత్రం అనే పేరు పడింది. ఆ ఒంటరి నక్షత్రం నుంచే ఒంగోలు మిషను పుట్టి, ధాత కరువు తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మరో పాతికేళ్ళకు ఆ తెలుగు సంఘాలవాళ్ళు తామే చందాలు వేసుకుని ఒక కుటుంబాన్ని సముద్రం దాటించారు.

ఎక్కడికి? దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 దాకా 1,52,184 మంది మన దేశస్థులు కూలి ఒప్పందం మీద అక్కడికి పోయారు. మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి, అంటే తమిళులు, తెలుగువాళ్ళు. ప్రతి వందమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళను పంపాలని నిబంధన. దానర్థం ఏమిటో ఆలోచించండి. అరవైమంది మగవాళ్ళకు కుటుంబం అనేదే లేదు. నెలకు పది షిల్లింగుల జీతం, ఐదేళ్ళ కట్టుబాటు. ఆ పోయినవాళ్ళలో తెలుగు బాప్టిస్టులు కొందరున్నారు. మాకు మన భాషలో చెప్పేవాళ్ళు లేరు, ఒక మనిషిని పంపండి అని ఇక్కడికి రాసుకున్నారు.

నెల్లూరులో మిషను బడి ఉపాధ్యాయుడైన జాన్ రంగయ్య, భార్య కనకమ్మ, పిల్లలతో 1903లో డర్బన్‌లో దిగాడు. ఆ ఏడాది చివరిలోనే స్టాంగర్ దగ్గర కియర్స్నీ తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. ఆ తోట లీజ్ హ్యూలెట్ అనే ఇంగ్లీషు దొరది. కాఫీ చెడిపోతే 1877లో తేయాకు వేసినవాడు. ఆకు కోసేది మనవాళ్ళు.

ఆ నేలమీద కాపురం ఎలాంటిదో చెప్పడానికి రెండు చట్టాలు చాలు. ఒకటి, 1895లో చేసిన మూడు పౌన్ల పన్ను. కూలి గడువు తీరాక మళ్ళీ కట్టుబడక, ఇండియాకూ పోక అక్కడే ఉంటే తలకు మూడు పౌన్లు ఏటేటా కట్టాలి. మగపిల్లవాడికి 16 ఏళ్ళు, ఆడపిల్లకు 13 ఏళ్ళు నిండితే వాళ్ళకూ అంతే. ఇంట్లో భార్యాభర్త, ఈడొచ్చిన పిల్లలు ఇద్దరుంటే పన్నెండు పౌన్లు. జీతం లెక్క పైన చెప్పాను, మీరే వేసుకోండి. మొదటి ఏడాది కూలిరేటుకు అది రెండేళ్ళ సంపాదన. రెండోది, 1913 మార్చిలో కేప్ కోర్టులో జడ్జి సెర్ల్ ఇచ్చిన తీర్పు. క్రైస్తవ పద్ధతిలో కాని, రిజిస్టరు కాని పెళ్ళి పెళ్ళి కాదు అని. ఒక్క కాగితంతో వేలమంది ఇల్లాళ్ళు ఇల్లాళ్ళు కాకుండా పోయారు. ఒకే తోటలో, ఒకే వరస గదుల్లో, చర్చిలో పెళ్ళయిన చెల్లెలు భార్య, గుడిలో పెళ్ళయిన అక్క కాదు. గాంధీగారి సత్యాగ్రహంలోకి ఆడవాళ్ళు దిగి జైలుకు పోయింది ఆ ఏడే. ఆ తీర్పు పీడ, ఆ పన్ను రెండూ 1914 చట్టంతో తొలగాయి.

రంగయ్య దంపతులు పన్నెండేళ్ళు ఈ మనుషుల మధ్య బతికారు. కుటుంబం తెగిపోయి వచ్చినవాళ్ళకు, కుటుంబం ఉన్నా చట్టం ఒప్పుకోనివాళ్ళకు, ఒక తెలుగు ఇల్లు కళ్ళెదుట ఉండటమే పెద్ద సంగతి. కష్టం చెప్పుకోవడానికి తెలుగులో వినేవాళ్ళున్న ఇల్లు. ప్రసంగం వారానికి ఒకసారి. ఇంటి తలుపు రోజూ తెరిచి ఉండాలి. ఆ తలుపు తీసేది ఎవరు? తోటల వెంట ఊళ్ళు తిరిగే భర్తా, ఇంట్లో ఉండే భార్యా? జాన్ రంగయ్య 1915లో నలభై తొమ్మిదేళ్ళకే పోయాడు. తరువాతి కాలంలో కొడుకు థియోఫిలస్ రంగయ్య అదే నేటాల్‌లో అదే పని అందుకున్నాడు.

తెల్ల పాదిరీల ఇంటికీ మనవాళ్ళ ఇంటికీ తేడా ఇక్కడ కనిపిస్తుంది. దొరలకు పని ఇక్కడ, ఇల్లు అక్కడ. పిల్లలను పనికి దూరంగా పంపారు. వాళ్ళకు డబ్బుంది, ఓడ టికెట్టుంది, బోర్డింగు బడి ఉంది. దాని ఖరీదు పిల్లలు కట్టారు. మనవాళ్ళకు పంపడానికి వేరే ఇల్లు లేదు. పిల్లలు పనిలోనే పెరిగారు. డోర్నకల్ పిల్లలు తెలుగువాళ్ళ మధ్య పెరిగారు, రంగయ్య పిల్లలు నేటాల్ తోటల మధ్య పెరిగారు. దీనికీ ఖరీదు ఉంది. తాతల ఊరు, అవ్వల భాష, అయినవాళ్ళ పెళ్ళిళ్ళు, చావులు అన్నీ పోయాయి. ఏది మేలు అని నేను తూకం వేయను. రెండు లెక్కల్లోనూ ఖర్చు ఇంటిదే, రసీదు మాత్రం ఒక్కరి పేరు మీద.

ఇది పాదిరీల కథ మాత్రమే అనుకుంటే పొరపాటు. మన సంఘంలో సగం ఇళ్ళ కథ ఇదే. మా నాన్న రైల్వే గ్యాంగులో మనిషి. బడి లేని చిన్న చిన్న స్టేషన్లు. నాకు ఎనిమిదేళ్ళు రాగానే జోలార్‌పేటలో మేనమామ ఇంట్లో ఉంచారు, అందుకే నా చదువు తమిళంలో నడిచింది. నాన్న బదిలీ అయినప్పుడల్లా ట్రాన్స్‌ఫర్ పాసు, కిట్ పాసు వచ్చేవి. సామాను ఇంత బరువు అని కాగితంలో ఉంటుంది. అమ్మ మళ్ళీ కొత్త ఊళ్ళో పొయ్యి పెట్టి, రాత్రి బండి దిగిన సిబ్బందికి అన్నం వండి పంపిన లెక్క ఏ కాగితంలోనూ లేదు. నాన్న సర్వీస్ రిజిస్టరులో అమ్మ ఒక వరస, నేను ఒక వరస. నాలాగే మీలో ఎంతమంది అవ్వ దగ్గర, పిన్నమ్మ దగ్గర పెరిగారో నాకు తెలుసు. ఇప్పుడు గల్ఫులో నర్సు పనికి పోయిన మన ఆడపిల్లలున్నారు. ఇక్కడ వాళ్ళ బిడ్డలను పెంచుతున్నది అరవై దాటిన తల్లులు. డబ్బు పంపినవాళ్ళ పేరు అందరికీ తెలుసు. పెంచినవాళ్ళ పేరు?

అందుకే కమిటీవారికి ఒక విన్నపం. మన సంఘం సంచికకు ఇంటికొక పేజీ అని ఫారాలు పంచారు. అందులో "బళ్ళారికి వచ్చిన పెద్ద పేరు, ఉద్యోగం, వచ్చిన సంవత్సరం" అని మూడు గళ్ళే ఉన్నాయి. దయచేసి ఇంకో మూడు వేయండి. ఆయనతో వచ్చిన భార్య పేరు, ఆమె పుట్టిన ఊరు, ఆమె చేసిన పని. పిల్లల పేర్లు, ఎవరి దగ్గర పెరిగారు అన్నది. ఈ ఊరు రాకుండా వెనక ఉండిపోయినవాళ్ళ పేర్లు. కాగితం కొంచెం ఎక్కువవుతుంది. ముద్రణ ఖర్చు పెరిగితే చందా వేసుకుందాం, నా వంతు నేను ఇస్తాను.

ఫారం ఇప్పటికే నింపి ఇచ్చినవాళ్ళు సత్యనారాయణపేటలో మా ఇంటికి ఏ సాయంత్రమైనా రండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆమెను కూడా తీసుకురండి. ఆమె చెబుతుంటే నేను రాసిపెడతాను. రాత పని నాకు అలవాటే.

ఇట్లు మీ సభ్యుడు.